కమాండ్ లైన్ నుంచి మార్చిన కెర్నల్ సెట్టింగులు రీబూట్ తర్వాత ఎందుకు నిలవడం లేదు?

ప్రశ్న

నమస్కారం. 16 జీబీ మెమరీ ఉన్న లినక్స్ యంత్రం ఒకటి రోజూ వాడుతున్నాను. రెండు మూడు వర్చువల్ మెషీన్లు, ఒక డేటాబేస్, కొన్ని కంటైనర్లు దానిమీదే నడుస్తుంటాయి. ఇటీవల ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్త వెర్షన్‌కు మార్చుకున్నాను. ఎప్పుడో చేసిపెట్టుకుని మరిచిపోయిన కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) సెట్టింగులు కొన్ని అప్పటినుంచి పనిచేయడం లేదు. వాటిని మళ్లీ చేయబోతే అసలు ఏది ఎక్కడ రాయాలో నాకు సరిగా తెలియదని అర్థమైంది. అందుకే మొదటినుంచి అడుగుతున్నాను. కమాండ్లనూ ఫైలు పేర్లనూ పలికే తీరులోనే తెలుగు లిపిలో రాస్తున్నాను. టెర్మినల్‌లో వాటి అసలు అక్షరాలే టైపు చేశానని గ్రహించగలరు.

మొదటి చిక్కు ఇది. స్వాప్ (మెమరీ చాలనప్పుడు డిస్క్ మీద వాడుకునే చోటు) వాడకం తగ్గించాలని ఈ కమాండ్ ఇచ్చాను:

సుడో ఎకో 10 > /ప్రాక్/సిస్/వీఎం/స్వాపీనెస్

పాస్‌వర్డ్ కూడా అడగకుండానే "పర్మిషన్ డినైడ్" అని వచ్చింది. సుడో ముందు పెట్టాక కూడా అనుమతి లేదనడం ఏమిటో నాకు అంతుపట్టలేదు.

ఆ తర్వాత సుడో సిస్‌సీటీఎల్ -డబ్ల్యూ వీఎం.స్వాపీనెస్=10 అని ఇస్తే పని జరిగింది. అది శాశ్వతంగా ఉండాలని /ఈటీసీ/సిస్‌సీటీఎల్.కాన్ఫ్ ఫైలు చివర అదే పంక్తి చేర్చి, సిస్‌సీటీఎల్ -పీ నడిపి, విలువ 10 అని చూపించాకే యంత్రాన్ని రీబూట్ చేశాను. తిరిగి లేచాక చూస్తే 60 ఉంది. ఫైలులో నా పంక్తి చెక్కుచెదరకుండా ఉంది, -పీ మళ్లీ నడిపితే 10 అవుతోంది, రీబూట్ చేస్తే తిరిగి 60కే వస్తోంది.

మూడోది వర్చువల్ మెషీన్లకు సంబంధించినది. బ్రిడ్జి (వర్చువల్ మెషీన్లను కలిపే సాఫ్ట్‌వేర్ స్విచ్) మీద ఉన్న మెషీన్ల మధ్య రాకపోకలు హోస్ట్ ఫైర్‌వాల్ నియమాలలోకి వెళ్లకూడదని /ఈటీసీ/సిస్‌సీటీఎల్.డీ/ డైరెక్టరీలో ఒక ఫైలు పెట్టి, నెట్.బ్రిడ్జ్.బ్రిడ్జ్-ఎన్ఎఫ్-కాల్-ఐపీటేబుల్స్=0 అని రాశాను. బూట్ లాగ్‌లో ఆ పంక్తి గురించి "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అని ఉంది. కానీ లాగిన్ అయ్యాక చూస్తే ఆ ఫైలు /ప్రాక్/సిస్ కింద కనిపిస్తూనే ఉంది, అందులో విలువ 1గా ఉంది, వర్చువల్ మెషీన్లు ఒకదానినొకటి చేరలేకపోతున్నాయి.

చివరిగా ఒక సందేహం. స్వాపీనెస్ 10 ఉండాలని చాలాచోట్ల చదివాను కాబట్టి పెట్టుకున్నాను. అది నిజంగా సరైన విలువేనా? తెలిసినవారు వివరించగలరని కోరుతున్నాను.

జవాబు 1

మీ మొదటి చిక్కుకు కారణం కెర్నల్‌లో లేదు, షెల్‌లో ఉంది. ఆ కమాండ్‌లో సుడో పరిధి ఎకో వరకే. బాణం గుర్తును చూసి ఫైలును తెరిచేది మీ షెల్. అది సుడో మొదలవడానికి ముందే, మీ మామూలు వాడుకరి హక్కులతోనే ఆ ఫైలును తెరవబోయి ఆగిపోయింది. ఎకోకు రూట్ (నిర్వాహకుడి) హక్కులు దక్కినా ప్రయోజనం లేదు, ఎందుకంటే ఫైలు తెరిచే పని దానిది కాదు. అందుకే ఇలా రాస్తారు:

ఎకో 10 | సుడో టీ /ప్రాక్/సిస్/వీఎం/స్వాపీనెస్

ఇక్కడ ఫైలును తెరిచేది టీ అనే ప్రోగ్రాము. దానికి రూట్ హక్కులు ఉన్నాయి కాబట్టి పని జరుగుతుంది. మీరు తర్వాత వాడిన సిస్‌సీటీఎల్ -డబ్ల్యూ కూడా లోపల ఇదే చేస్తుంది: పేరులోని చుక్కలను గీతలుగా (/) మార్చి, ముందు /ప్రాక్/సిస్/ తగిలించి, ఆ ఫైలును తెరిచి విలువ రాస్తుంది. వీఎం.స్వాపీనెస్, /ప్రాక్/సిస్/వీఎం/స్వాపీనెస్ రెండూ ఒకే తలుపుకు రెండు పేర్లు. లినక్స్‌లో ఒకప్పుడు ఇదే పనికి విడిగా ఒక సిస్టమ్ కాల్ ఉండేది. దానిని 5.5 కెర్నల్‌లో తొలగించారు, ఇప్పుడు దారి /ప్రాక్/సిస్ ఒక్కటే.

చుక్కల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. వీల్యాన్ (ఒకే తీగ మీద విడదీసిన నెట్‌వర్క్‌లు) వాడేవారి నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ పేరులోనే చుక్క ఉంటుంది, ఉదాహరణకు ఈటీహెచ్0.100. దానిని చుక్కల పద్ధతిలో రాస్తే ఏ చుక్క పేరులోది, ఏ చుక్క విడదీసేది అన్నది తేలదు. అలాంటప్పుడు పేరంతా గీతలతో రాయాలి: నెట్/ఐపీవీ4/కాన్ఫ్/ఈటీహెచ్0.100/ఆర్‌పీ_ఫిల్టర్. పేరులో మొదట వచ్చే విభజన గుర్తు గీత అయితే మిగిలిన చుక్కలను ముట్టుకోకుండా అలాగే ఉంచుతారు.

ఇక అసలు సంగతి. /ప్రాక్/సిస్ కింద కనిపించేవి డిస్క్ మీద ఉన్న ఫైళ్లు కావు. వాటిని చదివినప్పుడు కెర్నల్ తన మెమరీలోని విలువను అప్పటికప్పుడు అక్షరాలుగా రాసి ఇస్తుంది, వాటిలో రాసినప్పుడు ఆ విలువను మార్చుకుంటుంది. ఎల్ఎస్ -ఎల్ ఇచ్చి చూడండి, అన్నిటి పరిమాణమూ సున్నా అనే చూపిస్తుంది. కాబట్టి కమాండ్ లైన్ నుంచి చేసిన మార్పు ఏదైనా యంత్రం ఆగేవరకే ఉంటుంది. ప్రతి బూట్‌లోనూ ఎవరో ఒకరు ఆ విలువను మళ్లీ రాయవలసిందే. మీ రెండో చిక్కు, మూడో చిక్కు రెండూ ఆ రాసేవారు ఎవరు, ఎప్పుడు రాస్తారు అన్నదాని చుట్టూనే ఉన్నాయి. వాటి గురించి నాకంటే బాగా తెలిసినవారు ఇక్కడ ఉన్నారు.

జవాబు 2

పై జవాబు ఆగినచోటినుంచి కొనసాగిస్తాను.

సిస్టమ్‌డీ (బూట్‌లో సేవలను మొదలుపెట్టి నడిపే వ్యవస్థ) ఉన్న యంత్రాలలో బూట్ సమయంలో ఈ విలువలు రాసేది సిస్టమ్‌డీ-సిస్‌సీటీఎల్ అనే సేవ. మీరు చేత్తో నడిపే సిస్‌సీటీఎల్ కమాండ్ వేరే ప్యాకేజీకి చెందిన వేరే ప్రోగ్రాము. పేర్లు ఒకేలా ఉండటం వల్ల రెండూ ఒకటే అనిపిస్తుంది, కానీ అవి చదివే ఫైళ్లు పూర్తిగా ఒకటి కావు. మీరు నడిపిన సిస్‌సీటీఎల్ -పీ, ఫైలు పేరు ఇవ్వకపోతే, /ఈటీసీ/సిస్‌సీటీఎల్.కాన్ఫ్ ఒక్కదాన్నే చదువుతుంది. సిస్టమ్‌డీ సేవ చదివేది /ఈటీసీ/సిస్‌సీటీఎల్.డీ, /రన్/సిస్‌సీటీఎల్.డీ, /యూఎస్‌ఆర్/లిబ్/సిస్‌సీటీఎల్.డీ వంటి డైరెక్టరీలలో .కాన్ఫ్‌తో ముగిసే ఫైళ్లను. పాత సిస్‌సీటీఎల్.కాన్ఫ్ ఆ వరుసలోకి రావాలంటే డిస్ట్రిబ్యూషన్ తయారుచేసినవారు 99-సిస్‌సీటీఎల్.కాన్ఫ్ అనే పేరుతో దానికి ఒక లింకు పెట్టి ఉండాలి. మీరు ఏది వాడుతున్నారో చెప్పలేదు. డెబియన్ 13 అయితే మాత్రం ఇదే కారణం: ఆ వెర్షన్‌నుంచి బూట్ సమయంలో /ఈటీసీ/సిస్‌సీటీఎల్.కాన్ఫ్‌ను చదవరు, ఆ సంగతి విడుదల వివరాలలోనే రాశారు. మీ పంక్తి ఫైలులో భద్రంగానే ఉంది, మీరు -పీ నడిపిన ప్రతిసారీ అమలవుతోంది, బూట్‌లో మాత్రం దానిని ఎవరూ తెరవడం లేదు.

దీనికి చేయవలసింది చిన్నదే. ఆ పంక్తిని /ఈటీసీ/సిస్‌సీటీఎల్.డీ/90-నా-సెట్టింగులు.కాన్ఫ్ వంటి ఫైలులోకి మార్చండి. ముందున్న అంకె అలంకారానికి కాదు. ఈ డైరెక్టరీలన్నిటిలోని ఫైళ్లను ఒకే రాశిగా పోసి, ఏ డైరెక్టరీలో ఉన్నాయన్నది పట్టించుకోకుండా పేర్ల అక్షరక్రమంలో చదువుతారు. ఒకే సెట్టింగు రెండు ఫైళ్లలో ఉంటే తర్వాత చదివినదే నిలుస్తుంది. /ఈటీసీలో ఉంది కాబట్టి నాదే పైచేయి అనుకుని 10 అంకెతో పేరు పెడితే, /యూఎస్‌ఆర్/లిబ్‌లో 50 అంకెతో ఉన్న ఫైలు దానిని తుడిచేస్తుంది. /ఈటీసీకి పైచేయి ఉండేది ఒకే ఒక్క సందర్భంలో: రెండు చోట్లా ఫైలు పేరు అక్షరం తేడా లేకుండా ఒకటే అయినప్పుడు /ఈటీసీలోనిదే చదివి రెండోదానిని పూర్తిగా వదిలేస్తారు. ఈ రెండు నియమాలూ కలగాపులగమై మనుషులు గంటలు పోగొట్టుకోవడం నేను చాలాసార్లు చూశాను.

ఊహించుకోవలసిన పనిలేకుండా, బూట్‌లో చదివే ఫైళ్లన్నీ చదివే వరుసలోనే, ఏ పంక్తి ఏ ఫైలుదో చూపే కమాండ్ ఉంది:

సిస్టమ్‌డీ-అనలైజ్ క్యాట్-కాన్ఫిగ్ సిస్‌సీటీఎల్.డీ

దాని ఫలితంలో స్వాపీనెస్ అనే మాటకోసం వెతకండి. ఎక్కడా కనిపించకపోతే మీ ఫైలును చదవడం లేదని అర్థం. రెండుసార్లు కనిపిస్తే కింద ఉన్నదే గెలుస్తుంది. రీబూట్ చేయకుండా పరీక్షించడానికి -పీ బదులు సుడో సిస్‌సీటీఎల్ --సిస్టమ్ నడపడం మేలు, అది డైరెక్టరీలన్నీ తిరిగి, ఏ ఫైలులోది అమలు చేస్తున్నదో పేరుతో సహా చెబుతుంది. అయితే అదికూడా బూట్ సేవ కాదు. ఖాయం చేసుకోవాలంటే సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ సిస్టమ్‌డీ-సిస్‌సీటీఎల్ అని ఇచ్చి, విలువను మళ్లీ చదివి చూసుకోండి.

ఇప్పుడు బ్రిడ్జి. మీ మూడో చిక్కులో ఫైలు సరైన చోటనే ఉంది, చదివారు కూడా, లాగ్‌లో ఆ సందేశమే అందుకు సాక్ష్యం. కానీ చదివిన క్షణానికి /ప్రాక్/సిస్/నెట్/బ్రిడ్జ్ అనే డైరెక్టరీయే లేదు. అది బీఆర్_నెట్‌ఫిల్టర్ అనే మాడ్యూల్‌తో (అవసరమైనప్పుడు కెర్నల్‌కు జతచేసే భాగం) పుడుతుంది. బూట్ మొదట్లో సిస్‌సీటీఎల్ సేవ నడిచి, మీ పంక్తికి తలుపు దొరక్క వదిలేసింది. కొన్ని సెకన్ల తర్వాత కంటైనర్ సేవ మొదలై ఆ మాడ్యూల్‌ను లోడ్ చేయించింది. మాడ్యూల్ తన సహజ విలువ 1తో పుట్టింది. అప్పటినుంచి బ్రిడ్జి మీది ప్యాకెట్లు ఐపీటేబుల్స్ అనే ఫైర్‌వాల్ నియమాలలోకి వెళ్లాయి. కంటైనర్ సేవలు కొన్ని ఫార్వర్డ్ చెయిన్‌కు (యంత్రం గుండా దాటిపోయే ప్యాకెట్ల నియమాల వరుస) డ్రాప్, అంటే పారేయడం, అనే విధానం పెడతాయి కాబట్టి మీ వర్చువల్ మెషీన్ల మాటలు అక్కడే ఆగిపోతున్నాయి. మీరు లాగిన్ అయ్యేసరికి ఇదంతా జరిగిపోయి ఉంటుంది, అందుకే ఫైలు కనిపిస్తున్నా లాగ్ లేదంటోంది. రెండూ నిజమే, వాటి సమయాలు వేరు.

దీనికి మందు మాడ్యూల్‌ను ముందే లోడ్ చేయడం. /ఈటీసీ/మాడ్యూల్స్-లోడ్.డీ/ కింద ఒక .కాన్ఫ్ ఫైలు పెట్టి అందులో బీఆర్_నెట్‌ఫిల్టర్ అన్న ఒక్క మాట రాస్తే చాలు. మాడ్యూళ్లు లోడ్ చేసే సేవ పూర్తయ్యాకే సిస్‌సీటీఎల్ సేవ మొదలవుతుంది, ఆ వరుస సిస్టమ్‌డీలోనే ఉంది. మాడ్యూల్ ఎప్పుడు లోడ్ అయితే అప్పుడే విలువ రాసేలా యూడెవ్ (పరికరాలు, మాడ్యూళ్లు వచ్చినప్పుడు స్పందించే సేవ) నియమం కూడా రాయవచ్చు, కానీ మీ అవసరానికి మొదటిది సరిపోతుంది. కనెక్షన్ల పట్టిక పరిమాణం చెప్పే నెట్.నెట్‌ఫిల్టర్.ఎన్ఎఫ్_కాన్‌ట్రాక్_మాక్స్‌ది కూడా ఇదే కథ, దాని మాడ్యూల్ వచ్చేదాకా ఆ పేరు ఉండదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: కొన్ని ప్రోగ్రాములు తమ అవసరం కోసం తామే ఈ విలువలు మారుస్తాయి. కాబట్టి బూట్ అయిన వెంటనే ఒకసారి, సేవలన్నీ లేచాక మరోసారి చదివి చూడండి.

మరొకటి, మీరు ముందుముందు నెట్.ఐపీవీ4.ఐపీ_ఫార్వర్డ్ మార్చవలసి వస్తే దానిని ఫైలులో మిగతా నెట్‌వర్క్ సెట్టింగులకంటే ముందు పెట్టండి. ఆ విలువ మారినప్పుడు కెర్నల్ ఇంటర్‌ఫేస్‌ల సెట్టింగులు కొన్నిటిని, హోస్ట్‌కు తగినట్టుగానో రౌటర్‌కు తగినట్టుగానో, తిరిగి సహజ స్థితికి తెస్తుంది. ముందు చేసినవి పోయినా తెలియదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీరు ఊహించినట్టే పాత ఫైలును బూట్‌లో ఎవరూ తెరవడం లేదు. క్యాట్-కాన్ఫిగ్ ఫలితంలో స్వాపీనెస్ అన్న మాటే రాలేదు. పంక్తిని కొత్త ఫైలులోకి మార్చాను, మాడ్యూల్‌ను ముందే లోడ్ చేయించాను. రెండుసార్లు రీబూట్ చేసి, కంటైనర్లు లేచాక కూడా చూశాను: స్వాపీనెస్ 10, బ్రిడ్జి విలువ 0. వర్చువల్ మెషీన్లు మాట్లాడుకుంటున్నాయి.

ఇంకా మూడు సంగతులు మిగిలాయి. స్వాపీనెస్ 10 సరైనదా అన్నది ఒకటి. పెన్‌డ్రైవ్‌కు పెద్ద ఫైలు కాపీ చేస్తే కొద్ది క్షణాల్లో పూర్తయిందంటుంది గాని, దానిని తీయబోతే నిమిషాల తరబడి ఆగవలసి వస్తోంది, ఇదికూడా కెర్నల్ సెట్టింగేనా అన్నది రెండోది. నేను పాత ఫైలులో రాసుకున్న ఎఫ్ఎస్.ఐనోటిఫై.మాక్స్_యూజర్_వాచెస్=524288, నెట్.కోర్.సోమాక్స్‌కాన్=1024 అనే పంక్తులు ఇప్పటికీ అవసరమా అన్నది మూడోది.

జవాబు 3

స్వాపీనెస్ గురించి ప్రచారంలో ఉన్న అపోహ ఒకటి ముందు తొలగించాలి. అది శాతం కాదు. మెమరీ 60 శాతం నిండితే స్వాప్ మొదలవుతుందనీ, 10 పెడితే 90 శాతం దాకా ఆగుతుందనీ చాలాచోట్ల రాసి ఉంటుంది. కెర్నల్‌లో అలాంటి లెక్క ఏదీ లేదు.

మెమరీ ఇరుకైనప్పుడు కెర్నల్ ఖాళీ చేయగల పేజీలు (మెమరీలోని చిన్న ముక్కలు) ముఖ్యంగా రెండు రకాలు. డిస్క్ మీది ఫైళ్లకు నకళ్లుగా ఉన్నవి ఒక రకం. వాటిలో మార్పు లేకపోతే వదిలేయవచ్చు, కావాలంటే మళ్లీ చదువుకోవచ్చు. ప్రోగ్రాములు తమ డేటాకోసం తీసుకున్నవి రెండో రకం. వాటికి డిస్క్ మీద మరో నకలు ఉండదు, ఖాళీ చేయాలంటే స్వాప్‌లో రాయవలసిందే. ఏ రకాన్ని ఎంత కదిలించాలి అన్న తూకంలో వేసే రాయి ఈ స్వాపీనెస్. 100 అంటే రెండిటి ఖర్చూ సమానమని మనం కెర్నల్‌కు చెప్పడం. 60 అంటే స్వాప్ కొంత ఖరీదైనదని చెప్పడం. 5.8 కెర్నల్‌నుంచి దీనిని 200 దాకా పెట్టవచ్చు, ఎందుకంటే మెమరీలోనే కుదించి పెట్టే జెడ్‌ర్యామ్ వంటి స్వాప్ డిస్క్‌కంటే ఎంతో వేగమైనది. కెర్నల్ పత్రాలలోని ఉదాహరణ ప్రకారం స్వాప్ పరికరం ఫైలు వ్యవస్థకంటే రెండింతలు వేగమైతే విలువ 133 ఉండాలి. 0 పెడితే స్వాప్ ఆగిపోదు, ఖాళీ పేజీలూ ఫైలు పేజీలూ బాగా తగ్గిపోయేదాకా వాయిదా పడుతుంది. స్వాప్‌ను నిజంగా ఆపేది స్వాప్ఆఫ్ కమాండ్ మాత్రమే.

కాబట్టి 10 సరైనదా అన్న ప్రశ్నకు జవాబు మీ యంత్రం దగ్గరే ఉంది. మీ మామూలు పని సాగుతుండగా ఒక టెర్మినల్‌లో వీఎంస్టాట్ 1 నడపండి. సెకనుకు ఒక పంక్తి వస్తుంది. మొదటి పంక్తి బూట్ నుంచి ఇప్పటిదాకా ఉన్న సగటు, దానిని వదిలేసి ఎస్ఐ, ఎస్ఓ అనే రెండు నిలువు వరుసలు చూడండి. ఎస్ఐ స్వాప్‌నుంచి మెమరీలోకి వచ్చేది, ఎస్ఓ మెమరీనుంచి స్వాప్‌కు వెళ్లేది. అక్కడ ఎప్పుడూ సున్నాలే ఉంటే, ఫ్రీ కమాండ్ స్వాప్‌లో ఒక జీబీ వాడుకలో ఉందని చూపినా కంగారు పడనక్కరలేదు. ఎప్పుడో పక్కన పెట్టిన, ఎవరికీ అవసరంలేని పేజీలు అవి. వాటిని బయట ఉంచడం వల్ల మీ డేటాబేస్ ఫైళ్లకు ఆ మేరకు మెమరీ దొరికింది. స్వాపీనెస్ బాగా తగ్గిస్తే నష్టపోయేది ఈ ఫైలు పేజీలే. రెండు వరుసలలోనూ అంకెలు ఆగకుండా ఎగురుతుంటే అది స్వాపీనెస్‌తో తీరే సమస్య కాదు, యంత్రానికి మెమరీ చాలడం లేదు. 4.20 కెర్నల్ తర్వాత /ప్రాక్/ప్రెషర్/మెమరీ అనే ఫైలు కూడా ఉంది, ఆ సౌకర్యం చేర్చి తయారుచేసిన కెర్నళ్లలో. మెమరీకోసం ప్రోగ్రాములు ఎంత శాతం సమయం ఆగవలసి వచ్చిందో అది నేరుగా చెబుతుంది. ఈ విషయంలో ఇంతకంటే నమ్మదగిన సాక్షి నాకు తెలియదు.

పెన్‌డ్రైవ్ సంగతి నిజంగా కెర్నల్ సెట్టింగే. మీరు రాసిన డేటా ముందు మెమరీలో చేరుతుంది, తర్వాత తీరికగా పరికరానికి వెళుతుంది. వాడదగ్గ మెమరీలో 10 శాతం ఇలా నిండితే వెనకనుంచి రాయడం మొదలవుతుంది, అది వీఎం.డర్టీ_బ్యాక్‌గ్రౌండ్_రేషియో. 20 శాతం నిండితే రాసే ప్రోగ్రామునే ఆపుతుంది, అది వీఎం.డర్టీ_రేషియో. ఈ శాతాలు మొత్తం మెమరీలో కాదు, ఖాళీగా ఉన్నదీ సులభంగా ఖాళీ చేయగలిగినదీ కలిపిన దానిలో. మీకు అది 12 జీబీ అనుకుంటే 20 శాతం అంటే 2.4 జీబీ. సెకనుకు 10 ఎంబీ రాసే పెన్‌డ్రైవ్‌కు అంత డేటా చేరాలంటే 240 సెకన్లు, అంటే నాలుగు నిమిషాలు పడుతుంది. నెమ్మది పరికరాలకు కెర్నల్ కొంత తక్కువ వాటాయే ఇస్తుంది కాబట్టి ఇది పైహద్దు అనుకోండి. మెమరీ తక్కువగా ఉన్న రోజుల్లో ఈ శాతాలు చిన్న మొత్తాలు, మెమరీ పెరిగినకొద్దీ అవీ పెరిగిపోయాయి. శాతాల బదులు బైట్లలో హద్దు పెట్టడం నాకు నచ్చిన పద్ధతి:

వీఎం.డర్టీ_బ్యాక్‌గ్రౌండ్_బైట్స్=67108864
వీఎం.డర్టీ_బైట్స్=268435456

మొదటిది 64 ఎంబీ, రెండోది 256 ఎంబీ. వీటిని రాయగానే రేషియో విలువలు 0 అయిపోతాయి, అది పొరపాటు కాదు, ఒక సమయంలో రెండిటిలో ఒకటే అమల్లో ఉంటుంది. అయితే మీ డేటాబేస్ ఒక్కసారిగా భారీగా రాసే రకమైతే 256 ఎంబీ ఇరుకు కావచ్చు. ముందు -డబ్ల్యూతో పెట్టి ఒకరోజు పనిచేసి చూశాకే ఫైలులోకి ఎక్కించండి.

ఐనోటిఫై పంక్తి గురించి. ఫైళ్లలో మార్పులను గమనించే ప్రోగ్రాములు ఎన్నిటిపై కన్నేసి ఉంచవచ్చో చెప్పే ఆ హద్దు ఒకప్పుడు 8192. వేల ఫైళ్లున్న ప్రాజెక్టును ఎడిటర్‌లో తెరవగానే "డివైస్‌లో ఖాళీ లేదు" అనే సందేశం వచ్చేది. డిస్క్ సగం ఖాళీగా ఉన్నా ఆ మాట ఎందుకంటుందో తెలియక మనుషులు ఫైళ్లు తుడుచుకునేవారు. 5.11 కెర్నల్‌నుంచి మెమరీ ఎంత ఉందో చూసి కెర్నల్ తానే ఈ హద్దు నిర్ణయించుకుంటుంది, 1048576 దాకా పోతుంది. మీ యంత్రంలో ఆ పంక్తి తీసేసి, రీబూట్ చేసి, విలువ చదవండి. అది మీకు చాలినంత ఉంటే ఆ పంక్తి ఇక అక్కరలేదు. పాత యంత్రంనుంచి మోసుకొచ్చిన పంక్తి ఒక్కోసారి కొత్త కెర్నల్ ఇచ్చేదానికంటే తక్కువ విలువకు కట్టేస్తుంది.

జవాబు 4

సోమాక్స్‌కాన్ విషయంలో సరిగ్గా అదే జరుగుతోంది. సర్వర్ ప్రోగ్రాము ఇంకా స్వీకరించని కనెక్షన్లు ఎన్ని క్యూలో నిలవవచ్చో చెప్పే ఆ హద్దు ఒకప్పుడు 128 ఉండేది కాబట్టి అందరూ 1024కు పెంచుకునేవారు. 5.4 కెర్నల్‌నుంచి సహజ విలువే 4096. మీరు 1024 రాసి పెంచడం లేదు, తగ్గిస్తున్నారు. ఆ పంక్తి తీసేయండి.

ఒకవేళ ఎప్పుడైనా మార్చవలసి వస్తే, విలువ మారినంతమాత్రాన నడుస్తున్న సర్వర్‌కు అది అందదు. ప్రోగ్రాము లిజన్ అనే కాల్ చేసిన క్షణంలోనే క్యూ పొడవు ఖాయమవుతుంది, ఆ సేవను రీస్టార్ట్ చేయాలి. ఎస్ఎస్ -ఎల్‌టీఎన్ నడిపితే సెండ్-క్యూ అనే వరుసలో ప్రతి సాకెట్‌కు అమల్లో ఉన్న పొడవు కనిపిస్తుంది. సిస్‌సీటీఎల్ 4096 అంటూ అక్కడ 511 కనిపిస్తే, ఆ ప్రోగ్రామే తన కాన్ఫిగరేషన్‌లో 511 అడిగిందని అర్థం, ఎందుకంటే రెండిటిలో చిన్నదే చెల్లుతుంది.

జవాబు 2 రాసినవారు

పైన "ముందు -డబ్ల్యూతో పెట్టి చూడండి" అన్న మాటకు నా అనుభవం ఒకటి జోడిస్తాను. దూరాన ఉన్న ఒక సర్వర్‌లో, ఎస్ఎస్‌హెచ్ ద్వారా, వీఎం.ఓవర్‌కమిట్_మెమరీని 2 చేశాను. ప్రోగ్రాములు అడిగిన మెమరీ మొత్తానికి కచ్చితమైన హద్దు పెట్టే పద్ధతి అది. ఓవర్‌కమిట్_రేషియో సహజంగా 50 కాబట్టి, స్వాప్ లేని ఆ యంత్రంలో హద్దు ఉన్న మెమరీలో సగమైంది. అప్పటికే ప్రోగ్రాములకు కెర్నల్ మాటిచ్చిన మెమరీ అంతకంటే ఎక్కువ ఉంది. మరుక్షణం నుంచి ఏ కమాండ్ ఇచ్చినా "కెనాట్ అలొకేట్ మెమరీ" అన్న జవాబే. ఎల్ఎస్ నడవలేదు, సిస్‌సీటీఎల్ నడవలేదు, కొత్త లాగిన్ కుదరలేదు. ఏ ప్రోగ్రాము నడవాలన్నా షెల్ ముందు ఒక కొత్త ప్రాసెస్‌ను పుట్టించాలి, అది సాధ్యం కావడం లేదు.

నన్ను కాపాడింది రూట్‌గా తెరిచి ఉన్న ఒక్క షెల్. ఎకో అనేది షెల్ లోపలి ఆదేశం, దానికి కొత్త ప్రాసెస్ అవసరం లేదు. బాణం గుర్తును తెరిచేది కూడా ఆ షెల్లే, ఈసారి దానికి రూట్ హక్కులు ఉన్నాయి. ఎకో 0 > /ప్రాక్/సిస్/వీఎం/ఓవర్‌కమిట్_మెమరీ అని కొట్టగానే యంత్రం ఊపిరి పీల్చుకుంది. మొదటి జవాబులో పనిచేయదని చెప్పిన బాణం పద్ధతి, షెల్ రూట్‌ది అయినప్పుడు, మిగిలిన ఒకే దారి అయింది.

అదే విలువను నేను ముందే ఫైలులో రాసి ఉంటే రీబూట్ కూడా ఆదుకునేది కాదు. అలాంటి స్థితిలో పడినవారు బూట్ మెనూలో కెర్నల్ పంక్తి చివర సిస్టమ్‌డీ.మాస్క్=సిస్టమ్‌డీ-సిస్‌సీటీఎల్.సర్వీస్ అని చేర్చి లేపవచ్చు, ఆ ఒక్క బూట్‌కు ఆ సేవ నడవదు. మారుస్తున్నది ఓవర్‌కమిట్ లాంటిదైతే, మార్చడానికి ముందు /ప్రాక్/మెమ్‌ఇన్ఫోలో కమిట్‌లిమిట్, కమిటెడ్_ఏఎస్ అనే రెండు పంక్తులు చదవండి. ఆ రోజు నేను చదవలేదు. రేషియో 50 మీద ఉన్న హద్దునూ, అప్పటికే కమిట్ అయిన మొత్తాన్నీ పక్కపక్కన చూసి ఉంటే ఆగిపోయేవాడిని.

ప్రశ్న అడిగినవారు

రెండు రోజులు పనిచేస్తూ వీఎంస్టాట్ గమనించాను. వర్చువల్ మెషీన్లన్నీ ఒకేసారి లేచేటప్పుడు ఎస్ఓలో కొన్ని సెకన్లు అంకెలు వచ్చాయి, ఆ తర్వాత రెండు వరుసలూ సున్నాలే. స్వాపీనెస్‌ను -డబ్ల్యూతో 60కి మార్చి మరో రోజు చూశాను, నాకు ఏ తేడా కనిపించలేదు. అందుకని ఆ పంక్తి తీసేశాను. ఐనోటిఫై పంక్తి, సోమాక్స్‌కాన్ పంక్తి కూడా తీసేశాను.

డర్టీ బైట్స్ రెండూ పెట్టాక కాపీ నెమ్మదిగా సాగుతున్నట్టు కనిపిస్తోంది గాని, పూర్తయిందన్న కొద్ది సెకన్లకే పెన్‌డ్రైవ్ తీయగలుగుతున్నాను. డేటాబేస్‌కు ఇబ్బంది కలగలేదు, కాబట్టి వాటిని 90 అంకె ఫైలులోకి ఎక్కించాను. ఇప్పుడు బ్రిడ్జి పంక్తితో కలిపి నా ఫైళ్లలో మిగిలినవి మూడు పంక్తులు. ఒక్కోదాని పైన అది ఎందుకు పెట్టానో, ఏ కెర్నల్ మీద పరీక్షించానో, ముందు విలువ ఎంతో వ్యాఖ్యగా రాసుకున్నాను.